ఓటీ అంటే ఆపరేషన్ కాదమ్మా: జబ్బు మధ్య పాలిచ్చే తల్లుల ప్రశ్నలు

మా గది బోర్డు మీద ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని పూర్తిగానే రాసి ఉంటుంది. డాక్టర్లు మాత్రం చీటీ మీద ‘ఓటీ’ అని గీకి పంపిస్తారు. ఆ చీటీ పట్టుకుని, రెండు వారాల పాపాయిని టవల్లో చుట్టుకుని, ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు గంటలకొద్దీ కూర్చుని వచ్చినవాళ్లు నాకు తెలుసు. పోనీ తెలుగులో చెబుదామంటే ‘వృత్తి చికిత్స’ అనాలి. “ఇరవై రోజుల పిల్లకి అప్పుడే ఉద్యోగమేంటమ్మా!” అని ఒక తాతగారు నవ్వారు. నవ్వడం న్యాయమే.

కింది ప్రశ్నలు ఆ గదిలో, బయట వరండాలో, ఫోన్లో నేను తరచూ వినేవి. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ‘పాలివ్వడానికి ఇబ్బంది పడే తల్లికి ఆక్యుపేషనల్ థెరపిస్టు సాయం అందించి తీరాలి’ అని ఒక్క వాక్యంలో రాసిపెట్టిన చట్టం మన దేశంలో లేదు. ఉన్న హక్కులు అరడజను చోట్ల ముక్కలుగా పడి ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడుందో తెలిసినవాళ్లకే పని జరుగుతోంది. నా గొడవంతా అదే.

పాలివ్వడంలో ఓటీ వాళ్ల పనేంటి? లాక్టేషన్ కౌన్సెలర్ ఉన్నారు కదా?

మా చదువులో ‘ఆక్యుపేషన్’ అంటే జీతం వచ్చే పని కాదు, మనిషి రోజూ చేసుకోవాల్సిన పని. స్నానం, తిండి, బట్టలు కట్టుకోవడం. పుట్టిన బిడ్డకి మొదటి పని పాలు తాగడం. బాలింతకి ఆ పని రోజుకి ఎనిమిది, పది సార్లు. దానికి జబ్బో, వైకల్యమో, చేతికి కట్టో, ముక్కులో ట్యూబో అడ్డం వస్తే, ఆ అడ్డంతోనే పని ఎలా సాగించాలో చూడటం మా వంతు.

లాక్టేషన్ కౌన్సెలర్ పాలు పడటం, రొమ్ము పట్టు, పాలు పిండటం చూస్తారు. స్పీచ్ థెరపిస్టు మింగడం చూస్తారు. మేం మొత్తం ఒంటిని చూస్తాం: మెడ ఎటు వాలుతోంది, ఊపిరి ఎప్పుడు తప్పుతోంది, తల్లి మణికట్టు ఎంతసేపు ఓర్చుకోగలదు, మంచం ఎత్తెంత. ఈ గీతలు అమెరికా పుస్తకాల్లో ఉన్నంత నిక్కచ్చిగా మన ఆస్పత్రుల్లో ఉండవు. ఎవరు దొరికితే వాళ్లే మూడు పనులూ చేస్తారు. అందులో తప్పేమీ లేదు, తెలిసి చేస్తే.

ఒక ఉదాహరణ చెబుతాను. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పాపాయికి కండరాల్లో పట్టు తక్కువ. రొమ్ము నోట్లోకి తీసుకుంటుంది, నాలుగు గుక్కలకి దవడ జారిపోతుంది, నిద్రలోకి జారుకుంటుంది. “పాపకి పాలు ఇష్టం లేదు” అంటారు ఇంట్లో. ఇష్టం లేక కాదు, గడ్డం నిలబడక. అప్పుడు తల్లి చేతిని ఇలా మారుస్తాం: అరచేయి, కింది మూడు వేళ్లు రొమ్ముకి ఆసరా. చూపుడు వేలు, బొటనవేలు ముందుకు వచ్చి ‘యు’ ఆకారంలో పాపాయి రెండు బుగ్గల్ని పట్టుకుంటాయి, గడ్డం ఆ సందులో ఆనుతుంది. అంతే. దవడ జారదు. ఇరవై నిమిషాలకి తాగలేనన్ని పాలు పదింటిలో తాగిన పిల్లల్ని చూశాను.

గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ కథ వేరు. వాడికి పట్టు ఉంటుంది, ఓపిక ఉండదు. తాగుతుంటే నుదుటి మీద చెమట పడుతుంది, డొక్కలు ఎగరేస్తాడు. అది ‘బాగా కష్టపడి తాగుతున్నాడు’ అని మురిసిపోయే చెమట కాదు, ఆపమని చెప్పే చెమట. వాణ్ని పక్కకి తిప్పి, తల కాస్త ఎత్తులో ఉంచి, ఆరేడు గుక్కలకోసారి ఆపి ఊపిరి తీసుకోనిస్తాం. మొత్తం అరగంట దాటనివ్వం. మిగిలిన పాలు పిండి ట్యూబ్ ద్వారానో, ఉగ్గుగిన్నెతోనో పడతాం. ఎన్ని పాలు తాగాడన్నదొక్కటే లెక్క కాదు, తాగడానికి ఎంత ఖర్చయ్యాడన్నది కూడా లెక్కే.

ఈ సేవ ఉచితంగా పొందే హక్కు మాకుందా? ఎక్కడికి వెళ్లాలి?

ఉంది. పేరు పట్టుకుని అడగాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే, 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదలలో జాప్యం కనిపెట్టి, వైద్యం ఉచితంగా చేయించడం దాని పని. డౌన్ సిండ్రోమ్, గ్రహణమొర్రి, పుట్టుకతో గుండె జబ్బు, వంకర పాదం ఆ జాబితాలో ఉన్నాయి. తొలి ఆరు వారాల్లో ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త చూసి చెప్పాలి. ఆ తర్వాత అంగన్‌వాడీకి వచ్చే బృందం చూస్తుంది. వాళ్లు పంపించేది జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి. మీరు నేరుగా వెళ్లినా తలుపు వేసేయరు, వేయకూడదు.

ఇక్కడో తిరకాసు ఉంది. డీఈఐసీలో ఫిజియోథెరపిస్టు ఉంటారు, ఆక్యుపేషనల్ థెరపిస్టు ప్రతిచోటా ఉండరు. కాబట్టి కౌంటర్ దగ్గర ‘ఓటీ కావాలి’ అనకండి. ‘బిడ్డ పాలు తాగలేకపోతోంది, ఫీడింగ్ చూడాలి’ అనండి. పోస్టు పేరు అడిగితే ‘లేరు’ అని పంపేస్తారు. అవసరం చెబితే ఎవరో ఒకరు చూడక తప్పదు.

హైదరాబాద్ దగ్గరివాళ్లకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2021లో దేశవ్యాప్తంగా తెరిచిన పద్నాలుగు సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి అక్కడే పెట్టారు. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా చూస్తారు. ఆంధ్రలో వికలాంగుల ప్రాంతీయ కేంద్రమైన నెల్లూరు సీఆర్‌సీ కూడా ఇదే కోవలోది.

రాకపోకల సంగతి చాలామంది అడగరు, అడగాలి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు బిడ్డకి ప్రభుత్వాస్పత్రిలో మందులు, పరీక్షలు, ఇంటి నుంచి ఆస్పత్రికి వాహనం ఉచితం. 102కి ఫోన్ చేయండి.

వికలాంగుల సర్టిఫికెట్ లేకపోతే చూడరా?

చూడాలి. ఆర్‌బీఎస్‌కేకి సర్టిఫికెట్‌తో పనిలేదు. అసలు పసిబిడ్డకి ఆ సర్టిఫికెట్ అడగడమే విడ్డూరం. మేధో వైకల్యానికి సంబంధించి కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఏడాది నిండకముందు సర్టిఫికెట్ ఇవ్వరు. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ‘ఎదుగుదలలో జాప్యం’ అని రాస్తారు. పాలు తాగే వయసంతా సర్టిఫికెట్ రాని వయసే.

ఏడాది దాటాక మాత్రం తీసుకోండి, ఆలస్యం చేయకండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకి అది కావాలి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. చేరే ముందు వైద్య పరీక్షలు పెట్టరు. ముఖ్యంగా థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది. ప్రైవేటు బీమా చాలామటుకు ఇవ్వనిది అదే. మంచం మీద పడుకోబెడితే డబ్బిస్తారు, వారానికి రెండుసార్లు వచ్చి కూర్చుని నేర్చుకుంటే ఇవ్వరు.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి అద్దాల గదిలో ఉన్నాడు. నన్ను రోజుకి ఒక్కసారే లోపలికి పంపిస్తున్నారు. ఇదేం రూలు?

ఆ ఆస్పత్రి పెట్టుకున్న రూలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేది ఇందుకు పూర్తిగా ఉల్టా. ప్రభుత్వ నవజాత శిశు విభాగాల్లో తల్లిదండ్రులు లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, బిడ్డ సంరక్షణలో పాలుపంచుకోవాలని, అందుకు వాళ్లకి శిక్షణ ఇవ్వాలని ఉంది. కంగారూ మదర్ కేర్‌కి 2014 నుంచే మార్గదర్శకాలు ఉన్నాయి. బట్టలు అడ్డం లేకుండా బిడ్డని గుండెకి హత్తుకుని కూర్చోవడం. తండ్రి కూడా చేయొచ్చు, అమ్మమ్మ కూడా.

మార్గదర్శకం అంటే చట్టం కాదు, దాన్ని మీరితే జైలు లేదు. అయినా ప్రభుత్వాస్పత్రిలో ఆ కాగితం పేరు చెప్పగానే సిస్టర్ గొంతు మారుతుంది. ప్రైవేటులో అంత సులువు కాదు. గొడవ పెట్టుకోకుండా ఒకటే అడగండి: “డాక్టర్‌గారూ, నన్ను లోపలికి రానివ్వకపోవడానికి బిడ్డ ఆరోగ్యపరంగా కారణం ఏంటో కేస్ షీట్లో రాయండి.” రాయడానికి కారణం లేనిచోట తలుపు తెరుచుకుంటుంది.

చప్పరించి, మింగి, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ ఒక వరసలో పడటానికి బిడ్డకి దాదాపు ముప్పై నాలుగు వారాలు నిండాలి. అంతకు ముందు రొమ్ము దగ్గర పెట్టినా పొట్ట నిండదు. అయినా పెట్టమంటాం, ముందు పాలు పిండేసి ఖాళీ రొమ్ము దగ్గర. వాసన, స్పర్శ, నోటి అలవాటు కోసం. ట్యూబ్‌లో పాలు వెళ్తున్న సమయంలోనే ఇది చేస్తే నోరు కదలడానికీ పొట్ట నిండడానికీ లంకె పడుతుంది. ఇది మీ అంతట మీరు చేయకూడదు, పక్కన సిస్టర్ ఉండాలి.

గ్రహణమొర్రి బిడ్డ. “పాలు పట్టలేడు, ఈ డబ్బా వాడండి” అని ఆస్పత్రిలోనే శాంపిల్ డబ్బా చేతికిచ్చారు. తీసుకోవచ్చా?

ఇవ్వడమే నేరం. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003లో సవరించాక, పాలపొడి, పాలసీసా, రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారం దేనికీ ప్రకటన చేయకూడదంటుంది. ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు. ఆస్పత్రి గోడ మీద కంపెనీ పోస్టర్ ఉండకూడదు. వైద్య సిబ్బందికి కానుకలు, కమిషన్లు ఇవ్వకూడదు. మీరితే మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వేలు! ఆ అంకె చూసి భయపడే కంపెనీ ఏదైనా ఉందా అని నాకు అనుమానమే. జైలు మాట ఉంది కాబట్టి చట్టానికి ఇంకా కాస్త పరువుంది.

అయితే ఈ చట్టాన్ని తల్లి మీదకి తిప్పేవాళ్లూ ఉన్నారు. “డబ్బా పాలు చట్టవిరుద్ధం” అని సిస్టర్ కసిరితే ఏడ్చుకుంటూ వచ్చిన అమ్మాయి నాకు గుర్తుంది. చట్టం ఆపేది అమ్మకపు ఎత్తుల్ని, అవసరాన్ని కాదు. బిడ్డకి వైద్యపరంగా అవసరమైతే డాక్టరు రాయొచ్చు, ఆరోగ్య కార్యకర్త ఎలా కలపాలో చూపించొచ్చు, తప్పుగా వాడితే వచ్చే ప్రమాదాలు కూడా చెప్పి మరీ. క్లాసిక్ గెలాక్టోసీమియా అనే అరుదైన జబ్బులో తల్లిపాలు అసలు పట్టకూడదు. అక్కడ డబ్బానే మందు.

ఇక మొర్రి సంగతి. పెదవి ఒక్కటే చీలితే చాలామంది పిల్లలు రొమ్ము పడతారు. చీలిక ఉన్నవైపు రొమ్ముకి ఆనించి, వేలితో సందు మూస్తే సరి. అంగిలి చీలితే అలా కుదరదు. స్ట్రాకి చిల్లు పడితే ఎంత పీల్చినా రసం రాదు చూడండి, అదే పరిస్థితి. పాలు పిండి పట్టాలి. దీనికి నొక్కితే పాలు వచ్చే ప్రత్యేక సీసాలు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. మన ఉగ్గుగిన్నె ఉంది, నర్సులు పలాడై అంటారు. బిడ్డని బాగా నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె ముక్కు బుగ్గ పక్కన ఆనించి, వంచి, వాడు మింగేదాకా ఆగి, మళ్లీ వంచడం. గడగడా పోయడం కాదు. ముక్కులోంచి కాసిని పాలు వస్తాయి, అంగిలి అతికేదాకా అంతే. దగ్గు, నీలం రంగు వస్తే మాత్రం వెంటనే ఆపి ఆస్పత్రికి రావాలి.

ఈ ఉగ్గుగిన్నె మాట వచ్చింది కాబట్టి: అమ్మమ్మలూ, నానమ్మలూ, దాంతో ఆముదం పట్టకండి. ముక్కులో నూనె చుక్కలు వేయకండి. మింగడం రాని బిడ్డకి నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే నిమోనియా మొండిది.

పెదవి ఆపరేషన్ మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలిది ఏడాది అటూ ఇటూ. ఆర్‌బీఎస్‌కే కింద ఉచితం. స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో ఉచితంగా చేసే ఆస్పత్రులు కూడా ఉన్నాయి.

బిడ్డ బాగానే ఉంది. నాకే బాగాలేదు. కాన్పు తర్వాత పక్షవాతం వచ్చి కుడిచేయి పనిచేయదు. “నీకెందుకమ్మా తిప్పలు, డబ్బా పట్టు” అంటున్నారు. నాకు ఇవ్వాలనుంది.

ఈ ప్రశ్నకే నేను ఎక్కువ చోటు ఇస్తాను. బిడ్డకి జబ్బైతే పదిమంది వస్తారు. తల్లికి జబ్బైతే ముందుగా వచ్చే సలహా ‘మానెయ్’ అని.

2016 వికలాంగుల హక్కుల చట్టం, ఇరవై ఒక్క రకాల వైకల్యాలకు వర్తించేది, మీ పక్షాన ఉంది. 25వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాస్పత్రైనా ప్రైవేటైనా అడ్డంకులు లేకుండా లోపలికి వెళ్లగలగాలి, వైద్యంలో మీకు ప్రాధాన్యం ఇవ్వాలి. కాన్పుకి ముందు, కాన్పులో, ఆ తర్వాత తల్లీబిడ్డల సంరక్షణకు ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అదే సెక్షన్‌లో ఉంది. వైకల్యం కారణంగా తల్లీబిడ్డల్ని విడదీయడం మీద పోరాడాల్సి వస్తే రాజ్యాంగం 21వ అధికరణం ఉంది. 2021లో కర్ణాటక హైకోర్టు, వేరే సందర్భంలో, పాలివ్వడం తల్లి నుంచి విడదీయరాని హక్కని, అది 21వ అధికరణం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. పాలు తాగే బిడ్డ హక్కు కూడా అందులో కలిసే ఉందంది.

చట్టం అలా ఉండగా, చేతి సంగతి చూద్దాం. ఒంటిచేత్తో బిడ్డని ఎత్తి, తిప్పి, రొమ్ముకి పెట్టడం కష్టం. ఎత్తకుండా చేస్తే? మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పసిబిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తారు. నాకు ఈ పనిలో దారి చూపించినవాటిలో అదొకటి. గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపి, తొడల మీద గట్టి దిండు, దిండు మీద బిడ్డ. బరువు చేతి మీద లేదు, దిండు మీద ఉంది. పనిచేసే చేయి బిడ్డ మెడ వెనక ఆసరాకి మాత్రమే. రెండో పద్ధతి పక్కకి తిరిగి పడుకుని ఇవ్వడం. పనిచేయని చేయి కింద పడి నలగకుండా భుజం ముందుకు లాగి పెట్టాలి. స్పర్శ తెలియని చేయి అయితే ఇది మరీ ముఖ్యం. బ్లౌజుకి హుక్కుల బదులు వెల్‌క్రో పట్టీ కుట్టిస్తే ఒక్క చేత్తో తెరుచుకుంటుంది. దర్జీకి పది నిమిషాల పని. నెలల తరబడి తల్లి ఇంకొకర్ని పిలవాల్సిన అవసరం పోతుంది.

కీళ్లవాతం ఉన్నవాళ్లకి బొటనవేలి మొదలు దగ్గర నొప్పి ప్రాణం తీస్తుంది. ఏ జబ్బూ లేని బాలింతలకి కూడా బిడ్డని ఎత్తీ ఎత్తీ ఆ నొప్పి వస్తుంది. బిడ్డని చంకల్లో బొటనవేళ్లు పెట్టి ఎత్తకండి, అరచేతులు కిందికి పోనిచ్చి గరిటెలా లేపండి. రాత్రి మణికట్టు పట్టీ మేం కొలత తీసి ఇస్తాం.

వెన్నుపూస దెబ్బతిన్న తల్లులకి ఒక హెచ్చరిక. దెబ్బ ఛాతీలోని ఆరో పూస దగ్గరో, అంతకు పైనో అయితే, పాలిస్తుండగా ఉన్నట్టుండి బీపీ పెరిగి తల పగిలిపోయేంత నొప్పి, చెమటలు రావొచ్చు. వెంటనే ఆపి, కూర్చుని, సాయం పిలవాలి. ఇది మీ గైనకాలజిస్టుకి తెలుసో లేదో మీరే ముందు అడగండి.

ఫిట్స్ మందులు వాడుతున్నాను. పాలు విషమవుతాయా?

ఫిట్స్ మందుల్లో ఎక్కువ భాగం వాడుతూనే పాలివ్వొచ్చు. కొన్నింటికి బిడ్డ మరీ మత్తుగా ఉంటోందేమో చూసుకోవాలి. భయపడి మాత్రలు మానేయడమే అసలు ప్రమాదం. ఓటీగా నేను చెప్పేది ఒకటే: మంచం మీద కాదు, నేల మీద పరుపు వేసుకుని, గోడకి ఆనుకుని ఇవ్వండి. ఒంటరిగా బిడ్డకి నీళ్లు పోయకండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరగబెడతాయి కాబట్టి రాత్రి ఒక్క పూట పిండిన పాలు ఇంకొకరు పట్టాలి. ఇది మొగుడి హక్కు కాదు, డ్యూటీ.

కేన్సర్ మందులు, రేడియో అయోడిన్ చికిత్స వేరే సంగతి. అక్కడ ఆపాల్సిందే. మీ డాక్టరు మాటే ఫైనల్.

హెచ్‌ఐవీ ఉన్న తల్లి ఇవ్వొచ్చా? బయటపెడతారేమోనని భయం.

మన జాతీయ విధానం ప్రకారం తల్లి ఏఆర్‌టీ (వైరస్‌ని అదుపులో పెట్టే) మందులు మానకుండా వాడుతూ, బిడ్డకి నిర్దేశించిన మందు పట్టిస్తూ, మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వొచ్చు. కొంత తల్లిపాలు, కొంత డబ్బా పాలు కలపడం మంచిది కాదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, వివరాలు బయటపెట్టకూడదు, వైద్యం నిరాకరించకూడదు. ఓటీ గదిలోనూ అంతే.

మిల్క్ బ్యాంక్ నుంచి పాలు తెచ్చుకోవచ్చా? ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారట.

కొనకండి. తల్లిపాల అమ్మకానికి అనుమతి లేదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 మే నెలలో స్పష్టంగా చెప్పింది. మిల్క్ బ్యాంకులు వేరు. మన దేశంలో మొదటిది 1989లో ముంబై సయన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి బ్యాంక్ 2017లో వచ్చింది. దాత తల్లిని పరీక్షించి, పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, ఆస్పత్రిలో ఉన్న చిన్నబిడ్డలకి డాక్టరు రాసినమేరకే ఇస్తారు. ఇంటికి పార్సెల్ కట్టరు.

ఉద్యోగం చేస్తున్నాను. బిడ్డ రెండు నెలలు అద్దాల గదిలో, అంటే ఎన్‌ఐసీయూలో ఉన్నాడు. ఆ రెండు నెలలూ సెలవు పెంచుతారా?

ఇక్కడ చట్టం మనల్ని మోసం చేసిందనే నా అభిప్రాయం. ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలు, మొదటి ఇద్దరు పిల్లలకి. 2025 నవంబర్ 21 నుంచి పాత ప్రసూతి చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది, వారాలు మారలేదు. ఆపైన ఒక నెల అదనపు సెలవు ఉంది. కానీ అది కాన్పు వల్లో, నెలలు నిండని కాన్పు వల్లో *తల్లికి* వచ్చిన అనారోగ్యానికి. బిడ్డ అద్దాల పెట్టెలో ఉన్నాడనే కారణం ఒక్కటే దానికి సరిపోదు. కాబట్టి మీకు బీపీ, కుట్లు మానకపోవడం, డిప్రెషన్ ఏదున్నా డాక్టరుతో రాయించుకోండి. అబద్ధం అక్కర్లేదు. అలాంటి రెండు నెలలు గడిపిన తల్లికి ఏదో ఒకటి ఉండకుండా ఉండదు.

బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఉన్నాయి. యాభై మంది, ఆపైన ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ గది ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. పిండుకోవడానికి కూడా విరామం వర్తిస్తుందా అని హెచ్‌ఆర్ వాళ్లు సందేహిస్తే, ‘బిడ్డ నేరుగా తాగలేడు, పిండాల్సిందే’ అని మా దగ్గర చీటీ తీసుకెళ్లండి. అలాంటి చీటీలు రాసి ఇస్తుంటాను. ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ప్రసూతి సెలవు 180 రోజులు, ఆపైన సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు. వైకల్యం ఉన్న బిడ్డకైతే వయసు పరిమితి లేదు. తండ్రికి పదిహేను రోజులు. ప్రైవేటులో తండ్రికి చట్టం ఏమీ ఇవ్వదు, కంపెనీ దయ.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంది. మనవడికి ఇదే సమస్య. అక్కడెలా?

అక్కడ ఈ సేవ పేరు ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’. మూడేళ్లలోపు బిడ్డకి ఎదుగుదల జాప్యం అనుమానం ఉంటే తల్లే ఫోన్ చేసి అడగొచ్చు, డాక్టరు చీటీ ఉండి తీరాలని లేదు. అడిగిన నలభై ఐదు రోజుల్లో పరీక్ష, ప్రణాళిక అయిపోవాలి. పరీక్షకి డబ్బు తీసుకోరు. ఆక్యుపేషనల్ థెరపీ ఆ సేవల జాబితాలోనే ఉంది, థెరపిస్టు ఇంటికే వస్తారు. ఎక్కువ బీమా పాలసీలు పాలు పిండే పంపు ఖర్చు భరించాలి. 2022 చివర్లో వచ్చిన పంప్ చట్టం ప్రకారం ఆఫీసులో ఏడాదిపాటు పాలు పిండుకోవడానికి సమయం, బాత్రూమ్ కాని చాటు గది ఇవ్వాలి. మీరు ఆరు నెలల వీసా మీద వెళ్తుంటే, ఆ థెరపిస్టు వచ్చే రోజున మీరూ పక్కన కూర్చోండి. అమ్మాయి ఆఫీసుకి వెళ్లాక పట్టేది మీరే కదా.

అన్నీ ప్రయత్నించాను. కుదరలేదు. పాలివ్వకపోతే తప్పా?

కాదు. పాలివ్వాలని తల్లిని బలవంతపెట్టే చట్టం లేదు, ఉండకూడదు కూడా. కొందరు బిడ్డలకి ట్యూబే దారి. కొందరు తల్లులకి మానడమే ఆరోగ్యం. సగం రొమ్ము, సగం సీసా అయినా మా లెక్కలో ఓటమి కాదు.

ఎవరూ పట్టించుకోకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి. మీ కేస్ షీట్ నకలు అడిగితే డెబ్బై రెండు గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన 2002 నుంచి ఉంది. ఆ తర్వాత: ప్రభుత్వాస్పత్రి అయితే సూపరింటెండెంట్, లేదా 104 హెల్ప్‌లైన్. డీఈఐసీ సంగతైతే జిల్లా వైద్యాధికారి. తల్లికో బిడ్డకో వైకల్యం ఉండి వివక్ష జరిగితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్. వకీలు అవసరం లేదు, తెలుగులో రాసినా చాలు. శాంపిల్ డబ్బాలు, పోస్టర్ల మీదైతే ఫొటో, తేదీతో తల్లిపాల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ బీపీఎన్‌ఐకి పంపండి. ఆ చట్టం కింద కోర్టులో ఫిర్యాదు వేసే అధికారం ప్రభుత్వం ఇచ్చిన సంస్థల్లో అదొకటి.

ఉత్తరంలో మీ బాధంతా రాయకండి. మూడు వరుసలు చాలు. బిడ్డ ఎన్ని రోజులవాడు, పుట్టినప్పుడు బరువెంత, ఇవాళ ఎంత. ఏ తేదీన ఏ సాయం అడిగారు. ఎవరు ఏమన్నారు. రెండు నకళ్లు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకుని ఇంటికి రండి. స్టాంపు వేసే గుమస్తా భోజనానికి వెళ్లాడంటే, వచ్చేదాకా కూర్చోండి. మధ్యలో బిడ్డకి ఆకలేస్తే అక్కడే పట్టండి.